ఫ్రెంచి సాహిత్యంలో అస్తిత్వవాదం: చదవడం మొదలుపెట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

సార్త్ర్, కామూ, సిమోన్ ద బోవార్ పుస్తకాలను చదవాలనుకునే తెలుగు విద్యార్థులు, సాహిత్యాభిమానులు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. జవాబుల్లో నా అభిప్రాయాలు కూడా ఉన్నాయి, వాటిని దాచలేదు. అన్నీ వరుసగా చదవనక్కరలేదు గాని, నాలుగో ప్రశ్నను మాత్రం దాటవేయవద్దని మనవి.

1. అస్తిత్వవాదం అంటే దళిత, స్త్రీవాద, ప్రాంతీయ అస్తిత్వ ఉద్యమాల గురించేనా?

కాదు. తెలుగులో ఈ గందరగోళం రావడం సహజమే. కొన్ని దశాబ్దాలుగా మన సాహిత్య విమర్శలో ‘అస్తిత్వం’ అన్న మాటను గుర్తింపు అనే అర్థంలో వాడుతున్నాం. కులం వల్ల, మతం వల్ల, ప్రాంతం వల్ల, ఆడవాళ్లు కావడం వల్ల అణచివేతకు గురైనవారు తామెవరో తమ గొంతుతో చెప్పుకోవడం ఆ ఉద్యమాలకు ప్రాణం. ఫ్రెంచి అస్తిత్వవాదంలో ఆ మాటకు అర్థం కేవలం ఉండడం, ఉనికి. ‘నేను ఉన్నాను, ఎందుకున్నానో ఎవరూ చెప్పలేదు, ఇప్పుడేం చేయాలి’ అన్న చోట అది మొదలవుతుంది. ‘ఉనికివాదం’ అంటే ఇంకా స్పష్టంగా ఉంటుందని నాకనిపిస్తుంది. కానీ పుస్తకాల్లో, ప్రశ్నపత్రాల్లో ‘అస్తిత్వవాదం’ స్థిరపడింది కాబట్టి నేనూ అదే వాడుతున్నాను.

అయినా ఈ రెండు దారులూ కలిసే చోట్లున్నాయి. మార్తినీక్ దీవిలో పుట్టిన నల్లజాతి వైద్యుడు ఫ్రాంజ్ ఫానన్ 1952లో ‘నల్ల చర్మం, తెల్ల ముసుగులు’ రాస్తూ సార్త్ర్ ఆలోచనలను వాడుకున్నాడు. నల్లజాతి కవిత్వం మీద సార్త్ర్ 1948లో రాసిన ముందుమాటతో అదే పుస్తకంలో గట్టిగా విభేదించాడు. దళిత సాహిత్యం మీద పని చేసేవారు ఆ వాదన చదవకుండా ఉండకూడదు.

2. ‘ఉనికి సారానికి ముందు’ అంటే ఏమిటి?

సార్త్ర్ 1945 అక్టోబరు 29న పారిస్‌లో, కిక్కిరిసిన సభలో, కాగితాలు కోసే కత్తిని ఉదాహరణగా తీసుకుని ఈ మాటను వివరించాడు. మనకు కుండ దగ్గరి ఉదాహరణ. తర్కశాస్త్రంలో కుండకు కుమ్మరి నిమిత్త కారణం. సారె మీద మట్టి పెట్టకముందే అతని మనసులో కుండ ఉంటుంది: దేనికి చేస్తున్నాడు, ఎన్ని నీళ్లు పట్టాలి, మూతి ఎంత ఉండాలి. కుండ విషయంలో సారం ముందు, ఉనికి తర్వాత. మనిషికి అలాంటి కుమ్మరి లేడంటాడు సార్త్ర్. మనిషి ముందు ఈ లోకంలోకి వచ్చి పడతాడు, తానేమిటో తన పనులతో తర్వాత తేల్చుకుంటాడు. అందువల్ల ‘నా స్వభావమే అంత’ అనే మాటను ఆయన ఒప్పుకోడు. ఆ సాకు వెనక దాక్కోవడాన్నే ఆత్మవంచన అంటాడు.

3. ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?

సార్త్ర్ కథ ‘గోడ’తో. 1939లో అదే పేరుతో వచ్చిన సంపుటిలో మొదటి కథ అది. స్పెయిన్ అంతర్యుద్ధంలో పట్టుబడి, తెల్లవారితే కాల్చేస్తారని తెలిసిన పాబ్లో అనే ఖైదీ రాత్రి గడిపే తీరే కథంతా. తన స్నేహితుడు రామోన్ గ్రీస్ ఎక్కడున్నాడని సైనికులు అడిగితే, వాళ్లను ఆటపట్టించడానికి శ్మశానంలో ఉన్నాడని నోటికొచ్చింది చెప్తాడు. చివరి పేరాలో జరిగేది ఇక్కడ చెప్పను. ఒక్క రాత్రిలో చదవవచ్చు, కానీ చాలా రోజులు వెంటాడుతుంది.

ఆ తర్వాత కామూ ‘పరాయివాడు’ (1942), దాని తర్వాత సార్త్ర్ నాటకం ‘మూసిన తలుపులు’ (1944), ఆపైన సార్త్ర్ నవల ‘వికారం’ (1938), బోవార్ ‘అతిథి’ (1943), కామూ ‘ప్లేగు’ (1947). నేను చెప్పే వరుస ఇది. ఏడు వందల పేజీలు దాటిన సార్త్ర్ తత్వ గ్రంథం ‘ఉనికి, శూన్యత’ (1943) జోలికి మొదటి ఏడాది వెళ్లకండి. పట్టుదలగా దానితోనే మొదలుపెట్టి, యాభయ్యో పేజీ దగ్గర ఆగిపోయి, ఇక ఈ సాహిత్యం తమకు అందదని వదిలేసిన తెలివైన విద్యార్థులను చూశాను. అది నాకు బాధ కలిగించే విషయం.

4. నవల చదువుతూ అందులోని తత్వాన్ని ఎలా పట్టుకోవాలి?

కొబ్బరికాయ పగలగొట్టి కొబ్బరి తీసినట్టు నవల పగలగొట్టి తత్వం తీయాలనుకోవడం దగ్గరే చదువు దారి తప్పుతుంది. సార్త్ర్, బోవార్ ఇద్దరూ తత్వశాస్త్రం బోధించినవారు. చెప్పదలచుకున్నదంతా సిద్ధాంత గ్రంథంలో ఇమిడేదైతే వాళ్లు నవలలు రాసేవారు కాదు. కథ చెప్పే పద్ధతి వెనక ఎప్పుడూ రచయిత తత్వం ఉంటుందని సార్త్ర్ 1939లోనే అమెరికన్ నవలాకారుడు ఫాక్నర్ గురించి రాస్తూ అన్నాడు. కాబట్టి ‘ఏం చెప్పాడు’ అని కాక ‘ఇలాగే ఎందుకు చెప్పాడు’ అని అడగాలి.

‘వికారం’ డైరీ రూపంలో ఉంటుంది. ఎందుకు? డైరీ రాసేవాడికి రేపటి సంగతి తెలియదు. కథ చెప్పేవాడికి ముగింపు తెలుసు కాబట్టి, మొదటి వాక్యంలోనే ఆ ముగింపు నీడ పడుతుంది, ప్రతి చిన్న సంఘటనకూ అర్థం వచ్చేస్తుంది. నిజంగా బతికేటప్పుడు అలా ఉండదు. బతకడమో, కథగా చెప్పుకోవడమో ఏదో ఒకటి ఎంచుకోవాలని కథానాయకుడు రోకాంతాన్ తన డైరీలో రాసుకుంటాడు. నవల రూపమే ఆ మాటకు రుజువు. పార్కులో చెట్టు వేరును చూస్తూ అతను పొందే అనుభవం చాలా ప్రసిద్ధం. ఆ పేజీల్లో ‘వేరు’ అన్న పేరు జారిపోతుంది, ‘నలుపు’ అన్న విశేషణం అతకదు, ఉపమానాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడి ఓడిపోతాయి. అక్కడ సార్త్ర్ ఉనికి గురించి ఉపన్యాసం ఇవ్వడం లేదు. మాటలు వస్తువుల మీంచి ఊడిపోవడం ఎలా ఉంటుందో చదివేవాడికి చేసి చూపిస్తున్నాడు.

ఇక ‘పరాయివాడు’. ఫ్రెంచిలో అప్పటి నవలలు కథ చెప్పడానికి సాహిత్యానికే పరిమితమైన ఒక భూతకాల రూపాన్ని వాడేవి. కామూ దాన్ని దాదాపుగా పక్కన పెట్టి, రోజూ మాట్లాడుకునే భూతకాలంలో నవల రాశాడు. గ్రాంథికం వినిపిస్తుందని ఎదురుచూసిన చోట వ్యావహారికం వినిపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. వాక్యాలు పొట్టివి, ఒకదానికొకటి తగులుకోవు. ప్రతి వాక్యమూ ఒక ద్వీపమని సార్త్ర్ 1943లో రాశాడు. ‘కాబట్టి’, ‘అందువల్ల’ అన్న మాటలు అక్కడ చాలా అరుదు.

రెండో భాగంలో, ఒక అరబ్బును కాల్చి చంపిన కథానాయకుడు మెర్సో న్యాయస్థానం ముందుకు వస్తాడు. మొదటి భాగంలో విడివిడిగా జరిగిన పనులన్నిటినీ ప్రాసిక్యూటర్ ఒక దారానికి గుచ్చుతాడు. తల్లి శవం దగ్గర పాలు కలిపిన కాఫీ తాగాడు, సిగరెట్టు కాల్చాడు, మర్నాడు ఈతకు వెళ్లాడు, హాస్య చిత్రం చూశాడు, కాబట్టి ఇతడు హంతకుడే. నా విద్యార్థులకు నేను ఇచ్చే మొదటి పని ఇది: ప్రాసిక్యూటర్ ఎత్తిచూపే అంశాలను ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత వెనక్కి వెళ్లి అవే సంఘటనలు మొదటి భాగంలో ఏ మాటల్లో ఉన్నాయో పక్కన రాయండి. రెండు వరుసల మధ్య ఉన్న తేడాలోనే కామూ ఆలోచన ఉంది. పరీక్ష కోసం చదివే ఏ గైడూ ఆ తేడాను చూపించలేదు.

5. ‘నరకమంటే ఇతరులే’ అని సార్త్ర్ అన్నాడు కదా, అంటే మనుషులను నమ్మవద్దనా?

ఆ మాట అన్నది సార్త్ర్ కాదు, ‘మూసిన తలుపులు’లో గార్సాన్ అనే పాత్ర. అతను యుద్ధం నుంచి పారిపోతూ పట్టుబడి, తుపాకీ గుండ్లకు బలైన పత్రికా రచయిత. నేను పిరికివాణ్ని కాదని ఇంకొకరి నోట వినాలని తహతహలాడుతున్న మనిషి. అతని బాధలోంచి వచ్చిన మాటను రచయిత సిద్ధాంతంగా గోడల మీద రాసుకున్నాం.

నాటకంలో నరకం ఎలా ఉందో చూడండి. కొరడాలు లేవు, మంటలు లేవు. మూడు సోఫాలున్న హోటలు గది లాంటిది ఒకటి, అందులో గార్సాన్‌తో పాటు ఎస్తెల్, ఇనెస్ అనే ఇద్దరు స్త్రీలు. ఆరని దీపం, నిద్ర లేదు, రెప్పపాటు కూడా లేదు. అద్దం లేదు. అద్దం లేకపోతే తన ముఖం ఎలా ఉందో ఎస్తెల్‌కు తెలియదు, ఇనెస్ కళ్లలో చూసుకోవాలి. నీ బుగ్గ మీద ఎర్రటి మచ్చ ఉందని ఇనెస్ అబద్ధమాడగానే ఎస్తెల్ ఉలిక్కిపడుతుంది. ఇంకొకరి చూపు మన మీద ఎంత అధికారం చలాయిస్తుందో ఇంతకన్నా క్లుప్తంగా చూపించిన దృశ్యం నాకు తెలియదు.

చాలామంది గుర్తుంచుకోని ఘట్టం ఇంకొకటి ఉంది. తలుపు తీయమని గార్సాన్ బాదుతాడు. తలుపు తెరుచుకుంటుంది. ఎవరూ బయటికి వెళ్లరు. ‘నరకమంటే ఇతరులే’ అన్న మాట ఆ తర్వాత వస్తుంది. తెరిచిన తలుపును చూశాకే ఆ వాక్యానికి అర్థం చెప్పాలి. తన మాటను అందరూ అపార్థం చేసుకున్నారని, ఇతరులతో సంబంధాలు వంకరపోయినప్పుడే వాళ్లు మనకు నరకమవుతారని చెప్పడం తన ఉద్దేశమని సార్త్ర్ 1960లలో వివరణ ఇచ్చాడు.

6. కామూ అస్తిత్వవాదా, కాదా?

కాదని 1945లో ఆయనే ఒక ముఖాముఖిలో చెప్పాడు. కామూ మాట అసంబద్ధత. అది మనిషిలోనూ లేదు, ప్రపంచంలోనూ లేదు. అర్థం కావాలని అడిగే మనిషికీ, జవాబు చెప్పని ప్రపంచానికీ మధ్య పుడుతుంది. సార్త్ర్‌తో స్నేహం 1952లో తెగిపోయింది. ముందు ఏడాది వచ్చిన ‘తిరుగుబాటు మనిషి’ మీద సార్త్ర్ నడిపే పత్రికలో ఫ్రాన్సిస్ జాన్సన్ కటువైన సమీక్ష రాయడం అందుకు కారణం. కామూ సమాధానం సమీక్షకుడికి కాక సంపాదకుడికి రాశాడు, సార్త్ర్ జవాబు దానికన్నా కటువుగా వచ్చింది. చరిత్ర పేరుతో జరిగే హింసను సమర్థించవచ్చా అన్నది అసలు తగాదా. సాహిత్య పాఠంగా మాత్రం ఇద్దరినీ కలిపి చదవడమే మేలు, ఒకరి పక్కన పెట్టినప్పుడే ఇంకొకరి గొంతు స్పష్టంగా వినిపిస్తుంది.

7. ఈ ఆలోచన యుద్ధం వల్ల పుట్టిందా?

పుట్టింది రెండో ప్రపంచ యుద్ధం వల్ల కాదు. ‘వికారం’ 1938 నాటిది, దానికి వెనక కీర్కెగార్, హుసర్ల్, హైడెగర్ అనే తత్వవేత్తలు ఉన్నారు. కానీ దానికి పదును పెట్టింది 1940 నుంచి 1944 దాకా సాగిన జర్మన్ ఆక్రమణే. పొరుగువాణ్ని పట్టిచ్చి బతకడమా, దాచి చావడమా అన్నది రోజువారీ ప్రశ్నగా మారిన చోట ‘ఎంపిక’ అన్నది పుస్తకాల మాటగా మిగలదు. జర్మన్ల కింద ఉన్నప్పటికన్నా మేమెప్పుడూ స్వేచ్ఛగా లేమని 1944లో సార్త్ర్ రాసిన విడ్డూరమైన వాక్యం అర్థం కావాలంటే ఇది తెలియాలి. సార్త్ర్ ‘ఈగలు’ నాటకం 1943లో ప్రదర్శించిన నాటకశాలకు అంతకుముందు ప్రసిద్ధ నటి సారా బెర్నార్ పేరు ఉండేది. ఆమెకు యూదు మూలాలున్నాయని ఆక్రమణ కాలంలో ఆ పేరు తీసేశారు. ఆ గోడల మధ్య, పశ్చాత్తాపంతో కుంగిన నగరానికి స్వేచ్ఛను గుర్తుచేసే గ్రీకు పురాణ వీరుడు ఒరెస్తెస్ కథ ఆడింది. ఒకే వాస్తవంలో ధైర్యమూ ఉంది, రాజీ కూడా ఉంది. రెండూ చూడాలి.

8. సిమోన్ ద బోవార్‌ను సార్త్ర్ శిష్యురాలిగా చదవాలా?

వద్దు. 1929లో తత్వశాస్త్ర అధ్యాపక పోటీ పరీక్షలో సార్త్ర్‌ది మొదటి స్థానం, ఆమెది రెండో స్థానం, అప్పటికి ఆమె వయసు 21. స్వేచ్ఛ అందరికీ సమానంగా ఉందని సార్త్ర్ నొక్కి చెప్తున్న రోజుల్లో, పరిస్థితి ఆ స్వేచ్ఛను ఎలా కుదిస్తుందో ఆమె అడిగింది. ‘స్త్రీగా ఎవరూ పుట్టరు, స్త్రీ అవుతారు’ అన్న వాక్యం 1949 నాటి ‘రెండో లింగం’లోది. పైన కుండ ఉదాహరణ గుర్తు తెచ్చుకోండి: ఆడపిల్ల విషయంలో సమాజం తానే కుమ్మరినంటూ ముందుకొస్తుంది. ఉనికి సారానికి ముందన్న సూత్రాన్ని ఇంత దూరం తీసుకెళ్లినవారు ఇంకొకరు లేరని నా అభిప్రాయం.

ఇంగ్లీషులో చదివేవారికి ఒక హెచ్చరిక. 1953 నాటి అనువాదంలో చాలా భాగాలు తీసేశారు. 2009లో వచ్చిన సంపూర్ణ అనువాదం చూడండి. నవలల్లో ‘మాందరిన్లు’కు 1954లో గోంకూర్ బహుమతి వచ్చింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం తల్లి చివరి రోజుల గురించి 1964లో రాసిన చిన్న పుస్తకం.

9. ఇవి చదివితే నిరాశ పెరగదా?

కామూ తాత్విక వ్యాసం ‘సిసిఫస్ పురాణం’ ఆత్మహత్య ప్రశ్నతో మొదలై, వద్దన్న జవాబుతో నడుస్తుంది. ‘ప్లేగు’లో డాక్టర్ రియో గెలవలేనని తెలిసీ రోజూ రోగుల దగ్గరికి వెళ్తాడు. గ్రాన్ అనే చిరుద్యోగి పగలు లెక్కలు రాసి, రాత్రి తన నవలలోని మొదటి వాక్యాన్నే తిరగరాస్తూ ఉంటాడు. రియో అతన్ని ఎంతో ఆదరంగా చూస్తాడు. నాకు ఆ పేజీల్లో నిరాశ కనపడలేదు.

అయితే మనసు నిజంగా కుంగి ఉన్నవారు ఈ పుస్తకాలను మందుగా వాడవద్దు. దగ్గరివారితో, వైద్యులతో మాట్లాడండి. కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416.

10. మన వైరాగ్యం, మాయావాదం కూడా ఇదే కదా?

పోలిక పైపైన మాత్రమే. మాయావాదంలో ఈ లోకం వెనక నిత్యసత్యం ఒకటుంది. సార్త్ర్‌కు వెనక ఏమీ లేదు, ఉన్నదంతా ఇక్కడే. వైరాగ్యం లోకం నుంచి తప్పుకోమంటుంది, వీళ్లు లోకంలోకే నెడతారు. అస్తిత్వవాదులందరూ నాస్తికులు కూడా కారు: ఫ్రెంచి తత్వవేత్త గాబ్రియేల్ మార్సెల్ క్రైస్తవ విశ్వాసి.

11. ‘పరాయివాడు’లో చనిపోయిన అరబ్బుకు పేరెందుకు లేదు?

ఈ ప్రశ్న అడిగేవారంటే నాకు గౌరవం. కామూ 1913లో అల్జీరియాలో, పేద ఫ్రెంచి వలస కుటుంబంలో పుట్టాడు. తండ్రి 1914లో యుద్ధంలో పోయాడు, తల్లికి చదువు రాదు. ఆ పేదరికం నిజం. ఆ నేల మీద అరబ్బులకు దక్కని హక్కులు ఆయన వర్గానికి దక్కడం కూడా నిజం. నవలలో విచారణ జరిగేది చనిపోయినవాడి గురించి కాదు, తల్లి శవం దగ్గర ఏడవని కొడుకు గురించి. ఇది వలస న్యాయస్థానం మీద విమర్శా, లేక రచయిత చూపులోనే ఉన్న లోపమా? పండితులు ఇంకా తేల్చుకోలేదు. రెండూ కావచ్చని నేననుకుంటాను. అల్జీరియా రచయిత కమెల్ దావూద్ 2013లో, చనిపోయినవాడికి మూసా అని పేరు పెట్టి, అతని తమ్ముడి గొంతుతో ఒక నవల రాశాడు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఫ్రెంచి వలసపాలన మనకు మరీ దూరపు సంగతి కాదు. ఈ పుస్తకాలు వెలువడుతున్న కాలంలో యానాం ఇంకా ఫ్రెంచి పాలనలోనే ఉంది, 1954లో గాని విముక్తి కాలేదు.

12. బెకెట్, ఇయోనెస్కో కూడా ఈ కోవలోకే వస్తారా?

ఈ నాటకకర్తలు పక్క ఇంటివారు. కామూ అసంబద్ధతను వాదిస్తాడు, బెకెట్ నాటకం ‘గోదో కోసం’ (1953లో తొలి ప్రదర్శన) దాన్ని వాదించకుండా వేదిక మీద నిలబెడుతుంది. మొదట సార్త్ర్, కామూలను చదివి, తర్వాత బెకెట్, ఇయోనెస్కోల దగ్గరికి వెళ్లండి.

13. తెలుగు నవలల మీద ప్రభావం గురించి పరిశోధన చేయవచ్చా?

చేయవచ్చు, తేదీలు చూసుకుని. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ 1940ల నవలలు. ‘వికారం’ ఇంగ్లీషులోకి వచ్చిందే 1949లో. కాబట్టి ఆ ఒంటరితనానికి మూలాలు సార్త్ర్‌లో వెతికితే దొరకవు, పోలిక చూపవచ్చు గాని ప్రభావం అనకూడదు. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి జీవితంలో ఒక్క రోజును చిత్రించిన నవీన్ ‘అంపశయ్య’ (1969) నాటికి పరిస్థితి వేరు, అక్కడ ఈ చర్చకు గట్టి ఆధారం ఉంటుంది.

14. ఫ్రెంచి రాకుండా చదవవచ్చా?

చదవవచ్చు. కానీ కొంచెమైనా నేర్చుకోమని బతిమాలతాను. మామూలు భూతకాలం, పొట్టి వాక్యాలు కావడంతో, ఏడాదిన్నర శ్రద్ధగా నేర్చుకున్నవారు నిఘంటువు పక్కన పెట్టుకుని ‘పరాయివాడు’ మూలంలోనే చదవగలరు. హైదరాబాదులో ఇఫ్లూ విశ్వవిద్యాలయం, అలియాన్స్ ఫ్రాన్సేజ్ ఫ్రెంచి నేర్పుతాయి. పుదుచ్చేరి విశ్వవిద్యాలయంలో ఫ్రెంచి శాఖ ఉంది.

15. కామూను తెలుగులోకి అనువదించాలని ఉంది. అనుమతి కావాలా?

మన దేశంలో రచయిత మరణించిన 60 ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. కామూ 1960 జనవరి 4న కారు ప్రమాదంలో మరణించాడు కాబట్టి, ఆయన జీవించి ఉండగా వెలువడిన ఫ్రెంచి మూలాలకు 2021 నుంచి ఇక్కడ ఆ అడ్డంకి లేదు. ఇంగ్లీషు అనువాదాల మీద హక్కులు వేరు, వాటి నుంచి అనువదిస్తే అనుమతి కావాలి. మరణానంతరం 1994లో వచ్చిన ‘మొదటి మనిషి’కి ఇది వర్తించదు. ఫ్రాన్సులో గడువు 70 ఏళ్లు. 1980లో మరణించిన సార్త్ర్, 1986లో మరణించిన బోవార్ పుస్తకాలకు ఇక్కడ కూడా అనుమతి తీసుకోవాలి.

‘పరాయివాడు’ అనువదిస్తే మొదటి వాక్యం దగ్గరే వారం రోజులు ఆగడానికి సిద్ధపడండి. ఫ్రెంచిలో అక్కడున్న ‘మమాఁ’ అన్న పిలుపుకు ఇంగ్లీషు అనువాదకులు చాలా కష్టపడ్డారు. 1946 నాటి అనువాదం దాన్ని బిగుసుకున్న పదంగా మార్చింది, 1988 నాటిది ఫ్రెంచి పదాన్నే ఉంచేసింది. మనకు ‘అమ్మ’ ఉంది, ఆ కష్టం లేదు. కష్టం క్రియాపదంతో వస్తుంది. ‘కన్నుమూసింది’ అంటే కొడుకు ఏడుస్తున్నట్టుంటుంది, ‘కాలం చేసింది’ అంటే మర్యాద ఎక్కువవుతుంది, ‘పోయింది’లో ఆత్మీయత ఉంది. మెర్సో గొంతుకు ఇవేవీ సరిపోవు. ఆ వెంటనే వచ్చే టెలిగ్రాములో కామూ ‘మమాఁ’ను వదిలి కార్యాలయ భాషలోని ‘తల్లి’ని వాడాడు, ఆ తేడా పోకూడదు. అక్కడున్నది పూడ్చిపెట్టడం కాబట్టి ‘అంత్యక్రియలు’ అంటే మన పాఠకుడికి చితి కనిపిస్తుంది. నేనైతే మొదటి వాక్యానికి ‘ఈరోజు అమ్మ చనిపోయింది’ అని, టెలిగ్రాముకు ‘తల్లి మృతి. రేపు ఖననం.’ అని రాసుకున్నాను.